కళ్లకు గంతలు
ఐటీ కంపెనీల్లో టీమ్ ఔటింగ్ అంటే ఒకప్పుడు శామీర్‌పేట రిసార్టు, బిర్యానీ, అంత్యాక్షరి. ఇప్పుడు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) గేమింగ్! ‘అందరం సరదాగా కలుద్దాం’ అంటూ వాట్సాప్ గ్రూపు పెడతారు. తేదీ కుదరక వారం రోజులు కొట్టుకుంటారు. తీరా హాల్లో అడుగుపెట్టగానే ఎవరి మొహానికి వాళ్లు అరకిలో డబ్బా తగిలించుకుంటారు. (మెటా క్వెస్ట్ 3 అనే వీఆర్ హెడ్‌సెట్ బరువు 515 గ్రాములు. తూకంలో మోసం లేదు లెండి.) ఇక పక్కవాడికి పక్కవాడు కనబడితే ఒట్టు.

అసలు వినోదం డబ్బా పెట్టుకోనివాళ్లదే. ఆకాశహర్మ్యం అంచున చెక్కపలక మీద నడుస్తున్నాననుకుని, చదును నేల మీద మేనేజరుగారు గజగజ వణుకుతుంటారు. అప్రైజల్ రోజు మనం వణికినట్టే!

డబ్బా పెట్టుకున్నవాళ్ల కళ్లేమో పరుగెడుతున్నామంటాయి, లోపలి చెవేమో కదల్లేదంటుంది. ఆ తగువు తీర్చలేక కడుపు తిప్పేస్తుంది. కాబట్టి ఏర్పాట్లు చూసే హెచ్‌ఆర్ వారికి మనవి: బిర్యానీ ఆట అయ్యాకే పెట్టించండి. డబ్బాను తుడిచాకే ఇమ్మనండి. ముందు ఆడినవాడి చెమట మాత్రం వర్చువల్ కాదు.