తొమ్మిది వందల డాలర్ల వెన్నెల

అమెరికాలో గాజుతొట్టెల్లో పగడాలు పెంచుకునే పెద్దమనుషులు రెండు మతాలుగా చీలి చాలాకాలమైంది. ఒకటి బ్రాండు మతం. రేడియాన్, హైడ్రా, కెసిల్, రెడ్‌సీ: ఈ దీపనామాల్లో ఏదో ఒకటి తొట్టె నెత్తిన వేలాడకపోతే ఆ మతస్థులకు ముద్ద దిగదు. రెండోది పెట్టె మతం. చైనా నుంచి ఓడెక్కి వచ్చిన నల్లటి రేకు డబ్బా, అందులో యాభై అయిదు ఎల్‌ఈడీ గింజలు, పైన రొదపెట్టే ఫ్యాన్లు, పక్కన రెండు మరలు. నీలానికొకటి, తెలుపుకొకటి. ధర వంద డాలర్లకు కాస్త అటూ ఇటూ. అవతలి మతంలో పెద్ద దీపం ఒక్కటే సుమారు తొమ్మిది వందలు, నాలుగడుగుల తొట్టెకు అలాంటివి రెండు ఉండాలని శాస్త్రం. వెనకటి వీరశైవులూ వీరవైష్ణవులూ ఎంత నిష్ఠగా తిట్టుకున్నారో వీళ్లూ అంత నిష్ఠగా తిట్టుకుంటారు. ఆ పాతవాళ్లు తమ గ్రంథాలనైనా చదివేవారు. వీళ్లలో తన దీపం తొట్టె అడుక్కి ఎంత వెలుగు దించుతోందో కొలిచి చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ పగడమంటే కుజదోషానికి మనం ఉంగరంలో తొడుక్కునే ఎర్రరాయి అనుకునేరు. ఆ జాతి మధ్యధరా సముద్రపు గుహల చీకట్లో కూడా బతికేస్తుంది, దానికి దీపంతో పని లేదు. రీఫ్ పగడం తీరు వేరు. దాని కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలుంటాయి. వెలుగు తాగి, చక్కెర తయారుచేసి, ఆశ్రయమిచ్చిన పగడానికి పెట్టేది అవే. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే వెలుగు, ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్ ఫోటాన్లు రాలుస్తోందన్నదే వాటి లెక్క. దాన్ని పార్ అంటారు. మెత్తటి పగడాలకు 50 నుంచి 100 చాలు. అక్రోపోరా లాంటి కొమ్మల రాతిపగడాలకు 200 నుంచి 350 దాకా ఇస్తే హాయిగా ఎదుగుతాయి. ఆ ఫోటాను ఏ కంపెనీ గింజలోంచి రాలిందో శైవలం అడగదు, చెప్పినా వినదు. మన దేశంలో ఈ మతకలహానికి ఆస్కారం తక్కువ. రాతిపగడాలన్నిటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి సరసన కూర్చోబెట్టారు. కాబట్టి వాటిని హాల్లో పెట్టుకుని దీపాల గురించి తగువులాడే భోగం అమెరికా వాళ్లది.

ఈ తగువుకు మూలం మనిషి కన్ను. సముద్రపు నీళ్లు ఎరుపును పైపైనే మింగేసి నీలాన్ని కిందికి వదులుతాయి, అందుకే రీఫ్ దీపాలన్నీ నీలంగా వెలుగుతాయి. మన కంటికి 555 నానోమీటర్ల పచ్చదనం ఎంత బాగా ఆనుతుందో, 450 దగ్గర నీలం అందులో నాలుగు శాతం కూడా ఆనదు. తొట్టెలో 400 పార్ పోటెత్తుతున్నా యజమానికి మసక చీకటే కనిపిస్తుంది. ‘పాపం, బిడ్డకు వెలుతురు చాలడం లేదు’ అని ఇంకాస్త పెంచుతాడు. కొద్దిరోజులకు పగడం తన శైవలాలను బయటికి గెంటేసి తెల్లటి అస్థిపంజరంగా మిగులుతుంది. బ్రాండువాడు ఈ హత్య ఫోను మీద వేలు జరిపి చేస్తాడు, పెట్టెవాడు మర తిప్పి చేస్తాడు. కొత్త పగడానికి వెలుగును వారాల తరబడి మెల్లమెల్లగా పెంచే ఏర్పాటు బ్రాండు యాప్‌లోనే ఉంటుంది. అయితే దాన్ని నొక్కాలంటే ఓపిక పట్టాలి. తొమ్మిది వందలు పోసి కొన్న దీపాన్ని ముప్పై శాతం మీద వెలిగించుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఇంతకీ ఆ తొమ్మిది వందలకు ఏమొస్తుందని అడగండి, భక్తుడు భాగవతం అందుకుంటాడు. సూర్యోదయం వస్తుంది. సూర్యాస్తమయం వస్తుంది. మబ్బులు వస్తాయి, ఉరుములు లేకుండా మెరుపులు మాత్రం వస్తాయి. అర్ధరాత్రి వెన్నెల వస్తుంది, అదీ తిథిని బట్టి. పున్నమికి పూర్ణంగా, అమావాస్యకు సున్నాగా, పంచాంగం తప్పకుండా. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం శాస్త్రజ్ఞులు చంద్రకళలతో సహా ఋతువులన్నిటినీ తొట్టెలో అనుకరించి పగడాల చేత గుడ్లు పెట్టించారన్నది నిజం. వాళ్లకు నా నమస్కారం. కానీ కాలిఫోర్నియాలో సోఫాలో కూర్చున్న ఐటీ మేనేజరుగారి తొట్టెలో పగడం ఏ తిథికీ గుడ్డు పెట్టబోవడం లేదు. ఆ వెన్నెల ఆయన చుట్టాల కోసం. ‘చూడండి, ఇప్పుడు మబ్బు పడుతుంది’ అని ఆయన ఫోను నొక్కుతాడు. మబ్బు పడుతుంది. చుట్టాలు కాఫీ తాగుతారు. శైవలం మాత్రం మధ్యాహ్నభోజనం వేళ కంచం లాగేశారేమిటా అనుకుంటుంది.

న్యాయంగా చెప్పాలంటే ఆ ధరలో పనికొచ్చే సరుకూ ఉంది. వెలుగును సమంగా పరిచే కటకాలు, గట్టి పవర్ సప్లై, కొన్నాళ్లు వాడి అమ్మినా సగం ధరకైనా పోయే గౌరవం. కానీ ఏ భక్తుడూ కటకాల గురించి మాట్లాడగా నేను వినలేదు. మెరుపుల గురించే.

పెట్టె మతంవారి శాస్త్రం మరీ సులువు. డబ్బా మీద 165 వాట్లు అని ఉంటుంది. యాభై అయిదు గింజలు, ఒక్కోటి మూడు వాట్ల రకం, గుణిస్తే 165. ఎక్కం తప్పలేదు. ప్లగ్గు దగ్గర మీటరు పెడితే మాత్రం చాలా పెట్టెలు అందులో మూడింట రెండొంతుల దగ్గరే ఆయాసపడతాయి. ఈ సంగతి చెబితే పెట్టె భక్తుడు నొచ్చుకోడు. ‘అవే గింజలండీ, వాళ్లవీ మనవీ ఒకే చోట తయారవుతాయి’ అంటాడు. ఎవరు చూశారని అడక్కండి, విశ్వాసం గాయపడుతుంది. తొట్టెలో మూడొందల డాలర్ల పగడపు ముక్క ఉంటుంది, దాని మీద వంద డాలర్ల దీపం ఉంటుంది, ఆ దీపాన్ని పైకప్పుకు కట్టింది అయిదు డాలర్ల తీగ. కింద ఉప్పునీళ్లు, పైన భద్రతా ముద్ర లేని కరెంటు. ఆదా చేసిన ఎనిమిది వందల్లో పదో పరకో పెట్టి షాకు కొడితే కరెంటు కట్టేసే సాకెట్టు కొనుక్కోమంటే, అది అనవసరపు ఖర్చట. మరి ఈ పెట్టెల కింద పగడాలు పెరగవా అంటే, భేషుగ్గా పెరుగుతాయి. ఏళ్లుగా పెరుగుతూనే ఉన్నాయి. బ్రాండు భక్తుల కడుపుమంటంతా అదే.

ఈ నీలం వెలుగు పుట్టుక గురించి ఒక్కమాట చెప్పకపోతే నా కడుపుబ్బిపోతుంది. మిరుమిట్లు గొలిపే నీలం ఎల్‌ఈడీని 1993లో లోకానికి చూపించింది జపాన్‌లో నిచియా కంపెనీ ఇంజనీరు షుజీ నకమురా. కంపెనీ ఆయనకు ముట్టజెప్పిన బహుమానం ఇరవై వేల యెన్లు, అంటే రెండొందల డాలర్ల లోపు. ఆయన కోర్టుకెక్కాడు. 2004లో టోక్యో జిల్లా కోర్టు రెండువేల కోట్ల యెన్లు ఇమ్మంది, మరుసటి ఏడు సుమారు 84 కోట్ల దగ్గర రాజీ కుదిరింది. 2014లో అకసాకి, అమానోలతో కలిసి నోబెల్ అందుకున్నాడు. నీలం గింజను వెలిగించినవాడికి మొదట దక్కింది ఇప్పటి నల్లపెట్టెలు రెంటికి కూడా బొటాబొటి. దాన్ని అల్యూమినియం గూట్లో పెట్టి మబ్బులు అద్దినవాడిది తొమ్మిది వందలు. అంతేనా? అంతరిక్షంలో మొక్కలు పెంచే దీపాల మీద పనిచేసిన ఆర్బిటెక్ అనే విస్కాన్సిన్ కంపెనీ, సముద్రజీవుల తొట్టెల మీద ఎల్‌ఈడీలు పెట్టడానికే 2007లో పేటెంటు పుచ్చుకుంది. సోలారిస్ పేరుతో తొలితరం దీపాలు అమ్మిన పీఎఫ్‌ఓ కంపెనీ ఆ పేటెంటు వివాదంలో చిక్కుకుని ఎక్కువకాలం నిలవలేదు. వెలుగు కింద ప్రాణిని పెట్టాలన్న ఆలోచనకు సూర్యుడు పేటెంటు తీసుకోకపోవడం ఎంత పొరపాటో!

అంతకుముందు మెటల్ హాలైడ్ బల్బుల రాజ్యం. 250 వాట్లూ 400 వాట్లూ భగభగ మండించి తొట్టెను ఉడకబెట్టి, ఆ వేడి దించడానికి ఇంకో యంత్రం కొనుక్కునేవారు. అప్పుడూ రెండు వర్గాలే, అప్పుడూ ఇదే తిట్ల పురాణం.

ఇక పగడాలు నిజంగా ఎందుకు చస్తున్నాయో చూద్దాం. రాతిపగడం నీళ్లలోని కాల్షియంతో, కార్బొనేటుతో తన ఇల్లు తనే కట్టుకుంటుంది. రోజూ వాడుకుంటుంది కాబట్టి రోజూ తరుగుతుంది. ఆ కార్బొనేటు కొలతైన ఆల్కలినిటీ 8 దగ్గరుంటే 8 దగ్గరే, 9 దగ్గరుంటే 9 దగ్గరే నిలకడగా ఉంచాలి. సోమవారం 7, గురువారం 11 అయితే కొమ్మల కొసలు కాలిపోతాయి, తోలు ఊడిపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే చిన్న సీసాలో నీళ్లు తీసి, చుక్కలు లెక్కపెట్టి, రంగు మారేదాకా ఆడించి, అంకె రాసుకోవాలి. అయిదు నిమిషాల పని, పాతిక ముప్పై డాలర్ల కిట్టు. ఇందులో మెరుపుల్లేవు, చుట్టాలకు చూపించడానికేమీ లేదు. అందుకే ఆ కిట్టు అలమర్లో గడువు తీరి ఉంటుంది, యజమాని కొత్త దీపం బేరమాడుతుంటాడు. పగడం పోయిన పూట బ్రాండు భక్తుడు ‘ఆరో తరం దీపం వచ్చిందిగా, నాది అయిదో తరం, అందుకే’ అంటాడు. పెట్టె భక్తుడు ‘రెండో పెట్టె కూడా తగిలించాల్సింది’ అంటాడు. ‘నీళ్లు చూశావా నాయనా?’ అన్నవాడికి రెండు మతాల్లోనూ వెలి.

మధ్యలో పగడాల వ్యాపారి ఉన్నాడు, ఆయనకు ఏ మతమూ లేదు. వేలిగోరంత ముక్క విరిచి, వాల్ట్ డిస్నీ అనో హోమ్‌రెకర్ అనో పేరు పెట్టి, చిక్కటి నీలం కింద ఫొటో తీస్తాడు. ఆ నీలానికి పగడంలోని ప్రతిదీప్తి ప్రోటీన్లు రంగులు కక్కుతాయి. గులాబీ, పసుపు, నెమలికంఠం. వందలు పోసి తెచ్చి మామూలు పగటి వెలుగులో చూస్తే అదొక గోధుమరంగు పుల్ల. కొన్నవాడు వ్యాపారిని అనుమానించడు. తన దీపాన్ని అనుమానిస్తాడు. మరో దీపానికి ఆర్డరు పెడతాడు. ఇంత సాఫీగా నడిచే వ్యాపారాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

కొలతకు లోటేమీ లేదు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు సంజయ్ జోషి ఏళ్ల తరబడి ఈ దీపాలను ఒక్కొక్కటే కొలిచి, వర్ణపటాలతో సహా అందరి ముందూ పెట్టారు. యూటా రాష్ట్రంలో అపోజీ అనే సంస్థ నీళ్లలో ముంచి చూసే పార్ మీటరు చేస్తుంది. కొంటే అయిదొందల డాలర్ల పైమాటే గానీ, చాలాచోట్ల పగడాల క్లబ్బులూ దుకాణాలూ అద్దెకిస్తాయి. ఒక వారాంతం తెచ్చుకుని, పగడం ఉన్న చోట ముంచి, అంకె చూసి, దీపాన్ని రెండంగుళాలు ఎత్తాలో దించాలో తేల్చుకోవచ్చు. రెండు మతాల దీపాలకూ అదే మీటరు, అదే అంకె. కాబట్టి ఇక్కడితో రాజీ కుదరాలి.

కుదరలేదు. అపోజీ పాత మీటరు నీలాన్ని తక్కువ చేసి చూపిస్తుందని తేలింది, అది నిజమే కూడా. దాన్ని సరిదిద్దిన కొత్త మీటరుకు ధర ఎక్కువ. సగం ధరకే సెనై అనే ఇంకో పరికరం దొరుకుతోంది. ‘అపోజీ కాని మీటరు చూపిస్తే అదీ ఒక అంకేనా?’ అని వీళ్లంటున్నారు. ‘పేరుకు డబ్బు పోసేవాళ్లకు అంకెల విలువేం తెలుసు?’ అని వాళ్లంటున్నారు.