అయిదో ఫ్రెట్టు కాపురం

నా గిటారు మెడ మీద 22 ఫ్రెట్లు, ఆరు తీగలు. హెచ్చవేస్తే వేలు పెట్టడానికి 132 చోట్లు. అందులో నేను కాపురం ఉండేది 12 చోట్ల. అయిదో ఫ్రెట్టు నుంచి ఎనిమిదో ఫ్రెట్టు దాకా, తీగకి రెండేసి చొప్పున. మిగతా 120 చోట్లకీ కలిపే డబ్బు కట్టాను గానీ, వాటిలో గృహప్రవేశం జరగలేదు.

లీడ్ గిటారు వాయించే వాళ్ళందరికీ ఈ పేట తెలుసు. పెంటటానిక్ బాక్స్ అంటారు. ఎ మైనర్‌లో అందులో దొరికేవి అయిదు స్వరాలు: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. మన వాళ్ళు శుద్ధ ధన్యాసి అంటారు. చూపుడు వేలు అయిదో ఫ్రెట్టు మీద, ఉంగరం వేలు ఏడో ఫ్రెట్టు మీద వాటంగా కూర్చుంటాయి. ఎక్కడ నొక్కినా పెద్దగా తప్పు పలకదు. అందుకే గిటారు పట్టిన కొత్తలోనే ఎవరికైనా తానో సోలోయిస్టునన్న నమ్మకం కుదురుతుంది. పాట జి మైనర్‌లో ఉంటే ఆ బాక్సుని అలాగే ఎత్తి మూడో ఫ్రెట్టులో పెడితే సరి. ఇల్లు మారుతుంది, సామాను మారదు.

ఆ సామానులో నాకు అన్నిటికంటే ప్రియమైనది ఒక లిక్కు. మూడో తీగ ఏడో ఫ్రెట్టు దగ్గర తీగని పైకి లాగి మధ్యమాన్ని పంచమం దాకా ఏడిపించాలి. వెంటనే రెండో తీగ అయిదో ఫ్రెట్టు, ఆ వెంటనే మొదటి తీగ అయిదో ఫ్రెట్టు. విరహగీతమైనా ఇదే, వీరగీతమైనా ఇదే. దీన్నే నేను ఏళ్ళ తరబడి మనోధర్మం అనుకుంటూ వచ్చాను.

ఆ నమ్మకానికి లిఫ్టులో దెబ్బ తగిలింది. మా పై ఫ్లాట్‌లో రిటైరైన తెలుగు మాస్టారొకాయన ఉంటారు. అష్టావధానాల్లో పృచ్ఛకుడిగా కూర్చున్న మనిషి.

“ఏమయ్యా, ఆ పాట ఇంకా పట్టుబడలేదా?” అన్నారు.

“ఏ పాటండీ మాస్టారూ?”

“అదేనయ్యా, రోజూ రాత్రి సాధన చేస్తుంటావే.”

“అది పాట కాదండీ. అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించేది. మీ భాషలో చెప్పాలంటే ఆశువు.”

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. “ఆశువా! నిన్న కూడా ఇదే ఆశువు చెప్పావే. మొన్నా ఇదే!”

ఇలాంటి జబ్బుకి గిటారు లోకంలో వాడుకలో ఉన్న మందులు మూడు. మూడూ నేను మింగినవే. మొదటిది, పెడల్ కొనడం. డిలే పెడల్ అని ఒకటుంది, వాయించిన దాన్ని ప్రతిధ్వనిలా మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. దాని పుణ్యమా అని నా పాచి లిక్కు ఒకసారి వాయిస్తే మూడుసార్లు వినపడసాగింది. రెండోది, కొత్త స్కేళ్ళు నేర్చుకోవడం. డోరియన్ పట్టాను. పాత అయిదింటికి చతుశ్రుతి రిషభం, చతుశ్రుతి ధైవతం వచ్చి చేరాయి. కొత్త కోడళ్ళిద్దరూ పాత అత్తగారి చెప్పుచేతల్లోకి వెళ్ళిపోవడానికి ఎంతో సేపు పట్టలేదు. మూడోది, పెద్దవాళ్ళ సోలోలు విని స్వరం స్వరం దింపుకోవడం. బి.బి. కింగ్ దగ్గర ఒక ముక్క ఎత్తుకొచ్చాను. అంతటి ముక్క నా చేతిలో పడ్డాక, నా ప్రతి సోలోలోనూ ఠంచనుగా రెండో నిమిషంలో హాజరు వేయించుకోవడం మొదలుపెట్టింది.

ఇక మాస్టారి దగ్గరికే వెళ్ళాను. విషయమంతా విని, “నీకు కావలసింది కొత్త స్వరాలు కాదయ్యా, నిషిద్ధాక్షరి” అన్నారు.

అవధానం చూసిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు. అవధాని ఒక్కో అక్షరమే చెబుతూ పద్యం కడుతుంటాడు. తర్వాత రాబోయే అక్షరం ఫలానాది అయి ఉంటుందని పృచ్ఛకుడు ఊహించి, అది వాడకూడదని అడ్డు కొడతాడు. రెడీగా నాలుక చివర ఉన్న మాట పోతుంది. కొత్త దారి వెతుక్కోవాలి, అర్థం చెడకూడదు, ఛందస్సు తప్పకూడదు. ఆ పృచ్ఛకుడికి ఎంతో పాండిత్యం ఉండాలి, అవధాని మనసులో ఏముందో పసిగట్టాలి గనక. నా విషయంలో అంత అవసరం లేకపోయింది. పై ఫ్లాట్‌లో అద్దెకుంటే సరిపోయింది.

ఆదివారం ఉదయం మాస్టారు మా హాల్లో కుర్చీ వేసుక్కూర్చున్నారు. బ్యాకింగ్ ట్రాక్ పెట్టాను. ఉంగరం వేలు మూడో తీగ మీదికి వెళ్ళిందో లేదో, “ఇప్పుడు ‘టియ్యాఁవ్’ అంటావు. అది నిషిద్ధం” అన్నారు. వేలు గాల్లో ఆగిపోయింది. పక్కకి జరిగాను. “దాని తర్వాత ‘టింగ్ టింగ్’ అంటావు. అదీ నిషిద్ధం.” కాసేపటికి అయిదో ఫ్రెట్టు మొత్తం నిషిద్ధమైంది. ట్రాక్ నడిచిపోతోంది, నేను మాత్రం గిటారు పట్టుకుని బస్టాపులో నిలబడ్డవాడిలా ఉన్నాను. చివరికి వేరే గతి లేక చెయ్యి పైకి పాకింది. పదో ఫ్రెట్టు, పన్నెండో ఫ్రెట్టు. వేళ్ళకి అక్కడి దారి తెలియదు కాబట్టి, మొదటిసారి చెవిని అడగవలసి వచ్చింది. రోగం అసలు స్థానం అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ వాయించింది వేళ్ళు. చెవి ప్రేక్షకుల్లో కూర్చుంది.

తర్వాత వారం షడ్జమం మీద ఆగడం నిషిద్ధమన్నారు. నా ప్రతి వాక్యం అక్కడే ముగుస్తుంది మరి. అయిదు స్వరాలూ అవే ఉంచి, తంబురా యాప్‌లో శ్రుతి మాత్రం మార్చమన్నారు. ఎ నుంచి సి కి మారిస్తే అదే బాక్స్ మోహన అయి కూర్చుంది. డి కి మారిస్తే మధ్యమావతి. ఇ కి మారిస్తే హిందోళం, జి కి మారిస్తే శుద్ధ సావేరి. గ్రహభేదం అంటారని కచేరీల్లో విన్నదే. నా పన్నెండు చోట్లలోనే అయిదు రాగాలు ఉంటున్నాయని, ఇన్నాళ్ళూ పక్క గదుల తలుపు కూడా తట్టలేదని అప్పటిదాకా తోచలేదు.

ఆ ఉత్సాహంలో గిటారు చరిత్ర తిరగేస్తే, అక్కడ కూడా పృచ్ఛకులే కనిపించారు, కాకపోతే ఇంకాస్త కఠినాత్ములు. 1928లో జాంగో రైన్‌హార్ట్ ఉంటున్న బండికి నిప్పంటుకుని, ఎడమచేతి ఉంగరం వేలూ చిటికెన వేలూ దెబ్బతిన్నాయి. మిగిలిన రెండు వేళ్ళతోనే ఆయన సోలోలు కట్టాడు, అవి వింటే పది వేళ్ళున్న వాళ్ళం సిగ్గుపడాలి. బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో వేళ్ళ కొసలు పోగొట్టుకున్న కుర్రాడు టోనీ అయోమీకి ఫోర్‌మన్ ధైర్యం చెప్పడానికి వినిపించింది ఈ జాంగో రికార్డే. ఆ కుర్రాడే తర్వాత బ్లాక్ సబ్బత్ గిటారిస్టు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, జంట తీగల వాద్యం గమకానికి లొంగదన్న చోట అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కచేరీలు గెలిచారు. మిక్ గుడ్రిక్ అనే అమెరికన్ గిటారు గురువు 1987లో వేసిన పుస్తకంలో, ఒకే ఒక్క తీగ మీద వాయించు చూద్దాం అంటాడు. అంటే అయిదు తీగలు నిషిద్ధం.

ఇండియానాపొలిస్ వాడు వెస్ మాంట్‌గోమరీ కథ మరీ దగ్గరగా తాకింది. పగలంతా ఫ్యాక్టరీ పని, రాత్రి సాధన. ఇరుగుపొరుగుకి నిద్ర చెడకూడదని పిక్ పక్కన పెట్టి బొటనవేలితో మీటడం మొదలుపెట్టాడని చెబుతారు. ఆ మెత్తటి నాదమే ఆయన సంతకమైంది. ఈ కథ మాత్రం మాస్టారికి చెప్పలేదు. గురువుగారి దృష్టి శిష్యుడి బొటనవేలి మీదికి మళ్ళించడం మన పురాణాల ప్రకారం క్షేమం కాదు.

నిషిద్ధాక్షరి తర్వాత దత్తపది. మామూలుగా నాలుగు పదాలిచ్చి పద్యంలో పొదగమంటారు. మాస్టారు నాలుగు చప్పుళ్ళిచ్చారు: కుక్కర్ విజిల్, పాత సామాన్లు కొనే బండి మైకు, లిఫ్టు తలుపు వెయ్యకపోతే మోగే బాణీ, కింది ఫ్లాట్ పసివాడి ఏడుపు. నాలుగూ సోలోలో వినపడాలట. బండి మైకు సులువుగా వచ్చింది. పసివాడి ఏడుపుకి పాత ‘టియ్యాఁవ్’ కావలసి వచ్చింది గనక దానికి ఒక్కసారి పెరోల్ ఇచ్చారు.

అప్రస్తుత ప్రసంగం బాధ్యత మా ఆవిడ, ఎవరూ అడగకుండానే, తీసుకుంది. సోలో మంచి పట్టులో ఉండగా, “ఏవండీ, కరెంటు బిల్లు కట్టారా?” అంటుంది. ఆగకుండా వాయిస్తూనే జవాబు చెప్పాలి. అవధానంలో లాగా గంటల లెక్క అడగడం కూడా తనదే. “కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసింది?”

“మూడు. మూడోది కాస్త శ్రుతి తగ్గింది.”

“గ్యాస్ అయిపోతోందన్నమాట” అని సిలిండర్ బుక్ చేసింది. నా సంగీతం వల్ల ఇంటికి కలిగిన మొదటి ప్రయోజనం అది.

మా బ్యాండు కుర్రాళ్ళ దగ్గర ఈ విద్య ప్రదర్శించాను. అలవాటైన చోట్లన్నీ నాకు నేనే నిషేధించుకుంటూ వాయిస్తుంటే, మధ్యలో నాలుగు తాళాల పాటు ఏమీ వాయించకుండా నిలబడవలసి వచ్చింది.

“తీగ తెగిందా అన్నా?” అన్నాడు డ్రమ్మర్.

“లేదురా, ఆలోచిస్తున్నాడు” అన్నాడు బేసిస్టు.

“అన్న ఆలోచిస్తున్నాడా!”

ఆ ఖాళీ నాకు సిగ్గుగా అనిపించింది గానీ, రికార్డింగు విన్నప్పుడు దాని తర్వాత వచ్చిన ఒక్క స్వరమే సోలో మొత్తంలో బాగుంది. బి.బి. కింగ్ పాడేటప్పుడు వాయించేవాడు కాదు, వాయించేటప్పుడు పాడేవాడు కాదు. ఆయన గిటారు లూసిల్ ఒక మాట అని, ఊపిరి తీసుకుని, రెండో మాట అనేది. నేను దింపుకున్న ముక్కలో స్వరాలన్నీ ఉన్నాయి, ఆ ఊపిరే లేదు.

కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. మొన్న మాస్టారు మళ్ళీ లిఫ్టులో కనిపించి, “పన్నెండో ఫ్రెట్టు నిషిద్ధం” అన్నారు. అయిదో ఫ్రెట్టు నుంచి పారిపోయి అక్కడ కొత్తిల్లు కట్టుకుంటున్నానని పై నుంచే పసిగట్టారు. స్వేచ్ఛగా వాయించమని ఎవరైనా అంటే వేళ్ళు తిన్నగా పాతింటికే పోతాయి. దారి మూస్తేనే అవి తల ఎత్తి చూస్తాయి. కాబట్టి మూసే మనిషి ఎప్పుడూ ఉండాలి. డ్రమ్మర్‌కి కూడా అదే చేద్దామని వాడి ముద్దుల రోల్ ఒకటి నిషేధించాను. ప్రస్తుతం మా మధ్య మాటల్లేవు. బేసిస్టు నిశ్చింతగా ఉన్నాడు. వాడు వాయించేదే నాలుగు స్వరాలు, వాటిని నిషేధిస్తే పాట ఉండదని ధీమా.

మీరు కూడా గిటారో, వీణో, కీబోర్డో పట్టుకుని ఒకే చోట తిరుగుతుంటే, పై ఫ్లాట్‌లో తెలుగు మాస్టారు లేరే అని దిగులుపడకండి. మీ వాయిద్యం విని విని విసిగిపోయిన వాళ్ళు ఎవరైనా పనికొస్తారు. అలాంటి వాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మీ తర్వాతి స్వరం ఏమిటో మీకంటే ముందే వాళ్ళకి తెలుసు. ఇన్నాళ్ళూ మర్యాదకి చెప్పలేదంతే.