బీరువాలో రాష్ట్రపతి నిలయం

మా బొల్లారంలో ఒకే ఒక్క అతిథి కోసం ఏడాది పొడవునా ముస్తాబై ఉండే ఇల్లొకటుంది, రాష్ట్రపతి నిలయం. 1860లో కట్టారు. అప్పట్లో బ్రిటిష్ రెసిడెంటు దొరలుండేవారు. చుట్టూ 90 ఎకరాల తోట. రాష్ట్రపతిగారు శీతాకాలంలో ఢిల్లీ నుంచి వచ్చి కొద్దిరోజులుండి వెళ్తారు. మిగతా నెలల్లో తుడిచేవాళ్ళు తుడుస్తూ, మొక్కలు కత్తిరించేవాళ్ళు కత్తిరిస్తూ ఉంటారు.

ఆ ఇంటి ప్రభావమో, ఊరి గాలి గుణమో గానీ, మా ఇంటి బీరువాలోనూ అలాంటి నిలయమొకటి వెలిసింది. దాని పేరు మంచి దుప్పటి. పై అరలో, పట్టుచీరల పక్కన, కలరా ఉండల కాపలాలో ఉంటుంది. ఇంటి మనుషులు దానిమీద పడుకోకూడదు. అసలు నిలయాన్నయితే 2023 ఉగాది నుంచి మామూలు జనానికీ తెరిచారు, టికెట్ కొనుక్కుని చూసి రావచ్చు. మా ఆవిడ పరిపాలనలో ఆ సంస్కరణ ఇంకా రాలేదు.

ఆ దుప్పటి కొన్న రోజు జనరల్ బజార్‌లో జరిగిన తంతు చెప్పాలి. కొట్లో కుర్రాడు ఒక్క విసురుతో దాన్ని మా ఒళ్ళో పరిచి, "వెయ్యి థ్రెడ్ కౌంట్ సార్, ఫైవ్ స్టార్ హోటల్ మాల్" అన్నాడు. చదరపు అంగుళంలో పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని కలిపి చెప్పే లెక్క అది. అంగుళం జాగాలో అన్ని పోగులెలా ఇముడుతాయని అడిగితే కుర్రాడు నా వైపు జాలిగా చూశాడు. కిటుకేమిటంటే, నాలుగు సన్నపేటలు మెలేసి ఒక పోగుగా నేస్తారు, లెక్క దగ్గరికొచ్చేసరికి నాలుగూ విడివిడిగా చూపిస్తారు. అలా 250 కాస్తా వెయ్యి అయి కూర్చుంటుంది. మన ఎండలకి 200 నుంచి 400 దాకా ఉంటే బోలెడు. అదీ ఒకటి పైకీ ఒకటి కిందికీ సాదాగా నేసిన పర్కేల్ రకమైతే గాలి ఆడుతుంది. తళతళలాడే శాటీన్ చేతికి మెత్తగానే ఉంటుంది గానీ, కాలి మెట్టెకి తగులుకుందంటే పోగు లేచి కూర్చుంటుంది. ఇక ఈజిప్టు పత్తి అని లేబులుంటే నమ్మాలా? 2016లో అమెరికాలోనే ఆ పేరుతో అమ్మిన దుప్పట్లలో వేరే పత్తి ఉందని తేలి పెద్ద గొడవైంది. నా పరీక్ష నాది. మూల పట్టుకుని గట్టిగా నలిపి చూస్తాను. గంజిపొడి రాలితే లేచి వచ్చేస్తాను.

కొలతల సంగతి ఇంకా తమాషా. మన ఇళ్ళలో మంచాలు పెరగలేదు, పరుపులు బలిశాయి. బూరుగుదూది పరుపు నాలుగంగుళాలుండేది, ఇప్పటిది ఎనిమిది. ఆరడుగుల మంచం అంటే 72 అంగుళాలు, రెండు పక్కలా దిగడానికి 16, వెరసి 88. కొట్లో డబుల్ బెడ్‌షీట్ అని చేతిలో పెట్టేది వెడల్పు 90. దోపుకోవడానికి పక్కకొక అంగుళం! నూలు బట్ట మొదటి ఉతుకులో నూటికి ఐదు వంతులు కుంగినా 85న్నరకి దిగుతుంది. ఇంక రాత్రి ఎవరు పక్కకి తిరిగినా దుప్పటి వాళ్ళతోనే వెళ్తుంది, తెల్లవారుజామున ఎవరు లాక్కున్నారన్న విచారణ మొదలవుతుంది. కాబట్టి 108 చూసి కొనాలి. ఎగస్ట్రా డబ్బుల కంటే విచారణ ఖరీదెక్కువ.

ఉతకడం దగ్గర మా బోరు నీళ్ళు అడ్డుపడతాయి. రాతినేల నీళ్ళు కదా, నురగ రాదు, తెట్టు కడుతుంది. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి ఆ తెట్టవుతాయి, అది పోగుల మధ్య ఇరుక్కుని బట్ట గరుకెక్కుతుంది. అందుకని మా ఆవిడ కుళాయి వచ్చే రోజు చూసి దుప్పట్లు నానేస్తుంది, ఆఖరి జాడింపులో గరిటెడు తెల్ల వెనిగర్ పోస్తుంది. సువాసన ద్రవాలేవీ పోయనివ్వదు. అవి పోగులకి పూతలా పట్టి చెమట పీల్చకుండా చేస్తాయి. రంగువాటిని తిరగేసి డాబా మీద ఆరేస్తుంది. పైన హకీంపేట వాయుసేన స్థావరం హెలికాప్టర్ వెళ్తుంటే నూనె చుక్క రాలుతుందేమోనని నిలబడి చూస్తుంది. వాయుసేన ఇంతవరకు మా దుప్పటి జోలికి రాలేదు. పావురాలకే ఆ క్రమశిక్షణ లేదు.

ఇంతా చేసి మేం పడుకునేది పాత నూలు దుప్పటి మీదే. నన్నడిగితే అదే అసలు మంచి దుప్పటి. నూలు ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది, బీరువాలో పెడితే మడతల దగ్గర పచ్చబడుతుంది. ఈ సిద్ధాంతం మా ఆవిడకి చెప్పాను. "అయితే పాతదే వాడుకోండి, మెత్తగా ఉందిగా" అంది.

చివరికి మా ఆవిడ చిన్నాయన సోలాపూర్ నుంచి వచ్చాడు. తాతల నాడే తెలంగాణ నుంచి వెళ్ళి అక్కడ మగ్గాలు, ఆయన మాటలో సాంచాలు, పెట్టిన పద్మశాలీల్లో ఒకాయన. సోలాపూర్ చద్దర్లకి ఇవాళ భౌగోళిక గుర్తింపుందంటే ఆ చేతుల చలవ చాలానే ఉంది. అతిథి దొరికాడు కదా అని నిలయం తలుపులు తెరుచుకున్నాయి. పరిచిన దుప్పటి అంచుని ఆయన రెండు వేళ్ళతో నలిపి, ట్యూబ్‌లైటు కేసి పట్టి చూసి, "పోగు మంచిదే. నేసినోడు జర తొందరపడ్డడు బిడ్డా" అన్నాడు. తర్వాత సంచీలోంచి సొంత చద్దరు తీసి దానిమీద పరుచుకున్నాడు. "గింత తెల్లటి దాని మీద పండుకుంటే నాకు నిద్ర పట్టది."

లైటు ఆర్పబోతుంటే పిలిచి ధరెంతని అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అంత పైసలు పెట్టేటోనివి నాకొక మాట చెప్పకపోయినవా అల్లుడా! సాంచానే లారీల ఏసి పంపిస్తుంటి."