తీయని తెర

మా పెద్దమ్మ కొడుకు హైదరాబాదు పడమటి కొసన ఫ్లాటు కొన్నాడు. ఇరవై ఒకటో అంతస్తు. చెరువు కనిపించే వైపని అడుగుకి ఇంత చొప్పున అదనంగా కట్టాడు. తూర్పు గుమ్మమని మరికొంత కట్టాడు. (ఆ తూర్పు గుమ్మం తెరుచుకునేది లిఫ్టుల ముందున్న వరండాలోకి. అక్కడికి సూర్యుడు ఇంతవరకు రాలేదు, వచ్చే సూచనలూ లేవు.) గృహప్రవేశమైన నెలకి భోజనానికి పిలిస్తే వెళ్లాను. మిట్టమధ్యాహ్నం హాల్లో ఆరు లైట్లు వెలుగుతున్నాయి. "చెరువేది అన్నయ్యా?" అంటే పైకప్పు నుంచి నేలదాకా వేలాడుతున్న కాఫీపొడి రంగు గుడ్డ వైపు గర్వంగా చెయ్యి చూపించాడు.

"ఇంత ఎత్తులో మనల్ని ఎవరు చూస్తారని వదినా ఈ పరదాలు?"

"మనల్ని ఎవరు చూస్తారయ్యా? వచ్చినవాళ్లు పరదాలు చూస్తారు గానీ."

ఇంత నిజాయితీ గల జవాబు నేను ఏ ఇంటీరియర్ డిజైనరు నోటా వినలేదు.

తెలుగువాళ్లకి తెర కొత్తేం కాదు. పెళ్లిపీటల మధ్య అడ్డుతెర పడుతుంది, జీలకర్ర బెల్లం పెట్టగానే తొలగిపోతుంది. భామాకలాపంలో సత్యభామ జడ ముందు తెర మీదుగా ఇవతలికి పడుతుంది. ఆ తెర పట్టుకున్న ఇద్దరికీ చేతులు నొప్పి పుట్టేలోగా భామ బయటికి రావాల్సిందే. గుళ్లో దేవుడి ముందు తెర నైవేద్యం అయ్యేదాకానే. తిరుమలలో అలా తెర వేసి ఉన్నప్పుడే త్యాగరాజు గౌళిపంతు రాగంలో కీర్తన అందుకున్నాడని చెప్పుకుంటారు. మన దగ్గర తెర పుట్టిందే తీయడానికి. వేసింది వేసినట్టే ఉండిపోయే తెరని కనిపెట్టిన ఘనత ఫ్లాట్లవాళ్లది.

ఇంకో మాట. త్యాగరాజు ఆ కీర్తనలో తీసెయ్యమన్నది తనలోని అసూయ అనే తెరని. మనమేమో పక్క ఫ్లాటు వాళ్ల మీద అసూయతోనే తెర కొంటున్నాం. పాపం, ఆయన కాలానికి ఐలెట్ పరదాలు రాలేదు.

ఇక కొలతలు తీసుకోవడానికి వచ్చే కుర్రాడి సంగతి. చేతిలో టేపు, చంకలో కేటలాగు, నోట్లో "రిచ్ లుక్". ఆరడుగుల వెడల్పు కిటికీకి ఆరడుగుల గుడ్డ చాలదంటాడు. కుచ్చిళ్లు నిండుగా రావాలంటే రెండున్నర రెట్లు కావాలి, అంటే పదిహేను అడుగులు. కిటికీ ఎత్తు నాలుగడుగులే అయినా రాడ్డు పైకప్పు కిందే వెయ్యాలి, అంచు నేలకి తగలాలి. అది తొమ్మిది అడుగులు. లెక్క వెయ్యండి: 24 చదరపు అడుగుల కిటికీకి 135 చదరపు అడుగుల గుడ్డ. అంటే ఇంచుమించు రెండు చీరలు. లోపల ఇంకో పల్చటి పొర కూడా ఉండాలి కాబట్టి నాలుగు చీరలు. అందులో సగానికి పైగా కప్పేది కిటికీని కాదు, గోడని. గోడకి సిగ్గెందుకో ఆ కుర్రాణ్ని నేను అడగలేదు. అడిగితే దానికీ ఒక కేటలాగు తీస్తాడని భయం.

వాస్తు సిద్ధాంతి గారు ఏ దిక్కుకి ఏ రంగు గుడ్డో సెలవిస్తారు. కిటికీ మూసి పడేశాక ఏది ఏ దిక్కో ఇంట్లోవాళ్లకే తెలియడం లేదు, అది వేరే విషయం.

"ఎండలండీ, ఏసీ బిల్లు తగ్గుతుందని" అనేవాళ్లకి నా దగ్గర కాస్త ఓపిక ఉంది. అద్దం దాటి లోపలికి వచ్చేసిన ఎండ ఇక ఇంటి చుట్టమే. ముదురు రంగు గుడ్డ దాన్ని వెనక్కి పంపదు, తనే కాగి గదిని కాగిస్తుంది. అద్దం వైపు తెల్లటి లైనింగు ఉంటే కొంత మేలు, కాదనను. కానీ ఎండని ఆపవలసింది అద్దానికి అవతల. సజ్జా చేసింది, వరండా చేసింది ఆ పనే. వేసవిలో మన తాతలు వట్టివేళ్ల తడికలు బయట కట్టి నీళ్లు చల్లేవారంటే వాళ్లకి పరదాలు దొరక్క కాదు. పైగా హైదరాబాదు ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం మీద. మే రెండో వారానికి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నడినెత్తిన ఉన్నవాడు కిటికీలోంచి ఎలా దూరతాడు? ఆ వేళకి మా అన్నయ్య పరదా ఆపుతున్నది ఎండని కాదు, ఉత్త వెలుతురుని. ఆ వెలుతురు లోటు తీర్చడానికే ఆ ఆరు లైట్లు.

రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు, వీధికి ఆనుకున్న కింది వాటాలో కాపురముండేవాళ్లు ఇది చదివి నొచ్చుకోవద్దు, మీకు పరదా అవసరమే. అయితే వీధి చూపుకి మన పాత ఇళ్లలో ఎంతో చవకైన మందుండేది. కిటికీకి నాలుగు రెక్కలు. కింది రెండూ మూస్తే దారిన పోయేవాడి కంటికి అడ్డు, పై రెండూ తెరిస్తే గాలీ వెలుతురూ. రెక్కలు లేనిచోట అమ్మ పాత చీర చించి, అటో మేకు ఇటో మేకు కొట్టి, స్ప్రింగు తీగ మీద సగం కిటికీకి తెర కట్టేది. ఉతికితే సాయంత్రానికి ఆరేది. ఇప్పటి పరదా ఒకసారి దించాలంటే నిచ్చెన కావాలి, ఇద్దరు మనుషులు కావాలి, డ్రైక్లీనింగు కొట్టు కావాలి. అందుకే సంక్రాంతికి బూజులు దులిపే చెయ్యి కూడా దాని జోలికి వెళ్లదు. బయటి దుమ్ము రాకుండా వేసుకున్నాం కదా, వచ్చినదంతా అందులోనే భద్రంగా ఉంది.

గుడ్డ మీద అంత ప్రేమే ఉంటే పెడనలో చెక్క అచ్చులతో అద్దే నూలు కలంకారీ ఉంది, పోచంపల్లి ఇక్కత్ ఉంది. వెలుతురుని చంపవు, వడకట్టి పంపుతాయి. మా వదిన వాటినీ చూసిందట. "పల్చగా ఉన్నాయి, బయటిదంతా కనిపించేస్తోంది" అని వద్దనుకుందట.

భోజనాలయ్యాక ఉండబట్టలేక పరదా ఓ పక్కకి లాగాను. నిజంగానే చెరువుంది. మా అన్నయ్య కొడుకు పరుగెత్తుకొచ్చి అద్దానికి ముక్కు ఆనించాడు. "నాన్నా, నీళ్లు!" అన్నాడు. రెండు నిమిషాలయ్యాక టీవీ మీద వెలుగు పడుతోందని మళ్లీ మూసేశారు. పరదాని పక్కకి తీసి కట్టుకోవడానికి కొట్టువాళ్లు ఉచితంగా ఇచ్చిన కుచ్చుల తాళ్లు టీవీ బల్ల సొరుగులో ఉన్నాయి. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.