వామును మోసిన రాయిని

నన్ను చూసినవాళ్లు ముందు రాతి పుట్టగొడుగు అనుకుంటారు. కింద వెడల్పుగా మొదలై పైకి సన్నబడే కాలు, దాని మీద గుండ్రటి టోపీ. ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్ కొండల సున్నపురాయితో నన్ను చెక్కారు. నాలాంటివాళ్లను స్టాడిల్ రాళ్లంటారు.

మోయడం నా పని. మమ్మల్ని వరసగా నిలబెట్టి, మీద దూలాలు పరిచి, వాటిపై గడ్డివాము వేసేవారు. మా దేశంలో వాన రాని నెలంటూ లేదు. నేలకు ఆనిన గడ్డి చెమ్మ పీల్చుకుని అడుగునుంచే బూజు పడుతుంది. మేముంటే వాము కింద గాలి ఆడేది. నా కాలు పట్టుకుని ఎగబాకిన ఎలుక, టోపీ అంచు కింద తలకిందులుగా పాకలేక జారిపడేది.

రైతుకు అసలు భయం వాము వేశాకే మొదలయ్యేది. సరిగా ఆరని గడ్డిని కుప్ప వేస్తే లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టిస్తాయి. ఆ వేడి బయటికి పోయే దారి లేక రోజురోజుకూ పెరిగి, ఎవరూ నిప్పు పెట్టకుండానే వాము అంటుకోవచ్చు. అందుకే రైతు పొడవాటి ఇనుప ఊచను వాము నడిమధ్యకు దించి, కాసేపాగి లాగి, అరచేత్తో పట్టి చూసేవాడు. చెయ్యి చురుక్కుమంటే, ఎంత కష్టపడి వేసిన వామైనా విప్పాల్సిందే.

ఆ రోజుల్లో బళ్లు లాగినా, పొలం దున్నినా ఎక్కువగా గుర్రమే. దాని మేత ఈ గడ్డే. లండన్ నడిబొడ్డున హేమార్కెట్ వీధిలో 1830 దాకా గడ్డి సంత జరిగేది. పాతగడ్డి మోపు 56 పౌండ్లు తూగాల్సి ఉండేది. కొత్తగడ్డిలో ఇంకా చెమ్మ ఉంటుంది కనుక మోపు 60 పౌండ్లు ఉండాల్సి వచ్చేది. అలాంటి గడ్డిని పొడిగా కాపాడిన జాతి మాది.

తర్వాత రేకుల షెడ్లు వచ్చాయి, మోపులు కట్టే యంత్రాలు వచ్చాయి. మమ్మల్ని పెకలించి దొడ్డి మూల పడేశారు. టోపీలు ఒకచోట, కాళ్లు ఒకచోట. ముళ్లపొదలు మమ్మల్ని కప్పేశాయి. ఎన్నో ఏళ్లకు ఎవరో కొనుక్కెళ్లి, వేరే రాయి టోపీ నాకు తగిలించి, గేటు పక్కన అలంకారంగా నిలబెట్టారు.

అలంకారంగా నిలబడటం నాకు బాధ కాదు. ఎదురుగా ఉన్న గుర్రపుశాలను చూస్తుంటేనే కడుపు తరుక్కుపోతుంది. గడ్డి మోపుల్ని వట్టి సిమెంటు నేల మీద, గోడకు ఆనించి పేర్చారు. పైన తార్పాలిన్ బిగించి కప్పారు. గడ్డి వదిలిన ఆవిరి దాని లోపలివైపు నీటిబొట్లుగా పట్టి తిరిగి గడ్డి మీదే కారుతోంది. అడుగు మోపు విప్పగానే ముక్కిన వాసన, బూడిదరంగు దుమ్ము. అది పీల్చిన గుర్రానికి తెరలు తెరలుగా దగ్గు. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు. చెడ్డ మేత లోపలికి పోతే బయటికి రాదు. ఆ దుమ్ము రోజూ పీల్చే మనుషుల ఊపిరితిత్తులూ దెబ్బతినవచ్చు.

అయ్యా, గడ్డిలో తేమ 15 శాతానికి దిగాకే కట్టండి. 20 దాటితే లోపల పెట్టకండి. కింద చెక్క పలకల చట్రాలు వేయండి. గోడకు జానెడు ఎడం వదలండి. కొత్త మోపుల్లో వేడి ఎంతుందో కొన్ని వారాల పాటు చూస్తూ ఉండండి. నన్ను మళ్లీ పనిలో పెట్టకపోయినా సరే, గడ్డి కింద గాలి ఆడనివ్వండి.