నల్లగండ్లా, నార్సింగా?

మా రోజుల్లో ఇల్లెక్కడ అనే ప్రశ్నే లేదు. ఉద్యోగం ఎక్కడైతే ఇల్లూ అక్కడే. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో చేరినవాడు టౌన్‌షిప్ క్వార్టరు కోసం సీనియారిటీ లిస్టులో పేరు రాయించుకునేవాడు. అది వచ్చేదాకా లింగంపల్లిలోనో చందానగర్‌లోనో రెండు గదులు అద్దెకి తీసుకుని సర్దుకునేవాడు. ఐడీపీఎల్ వాడు బాలానగర్‌లో, ఆల్విన్ వాడు సనత్‌నగర్‌లో, ఈసీఐఎల్ వాడు కుషాయిగూడలో. ఫ్యాక్టరీ సైరన్ వినపడేంత దూరంలో ఇల్లు దొరికితే అదే మంచి ఏరియా, అంతకు మించి ఎవరూ ఆలోచించేవాళ్ళు కాదు.

స్థలం కొనుక్కోవడమూ అంతే. పదిమందీ కలిసి హౌసింగ్ సొసైటీ పెట్టుకునేవాళ్ళు. నెలనెలా జీతంలో కోత. ఎప్పటికో లాటరీ తీసేవాళ్ళు. చీటీలో ఏ నంబరొస్తే ఆ ప్లాటు నీది. పడమర ముఖమైనా, మూల ప్లాటైనా, వీధిపోటున్నా మారుమాట లేదు. మహా అయితే మా ఆవిడలాంటివాళ్ళు గేటు పక్కన ఒక వినాయకుణ్ణి పెట్టించి ఆ పోటుకి మందు వేసేవాళ్ళు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలోనైతే ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని జీతాన్ని బట్టి ఇంటి సైజు. నీకేం కావాలి నాయనా అని అడిగిన పాపాన పోలేదెవరూ.

ఇప్పుడు చూడండి. మా తమ్ముడి కొడుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. పిల్లలు ఎదుగుతున్నారు, ఇంక వచ్చేస్తాం పెదనాన్నా అన్నాడు. సంతోషం, రండి అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. వచ్చే ముందే ఏరియా తేల్చుకోవాలట. అందుకోసం ఒక ఎక్సెల్ షీటు తయారు చేశాడు. అడ్డంగా నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు, కోకాపేట, నార్సింగి, మణికొండ. నిలువుగా చదరపు అడుగు రేటు, స్కూళ్ళు, ఆఫీసుకి నిమిషాలు, ఎయిర్‌పోర్టుకి నిమిషాలు, క్లబ్‌హౌసు ఎంత, ఈతకొలను ఎంత. గడిగడికీ పదికిన్ని మార్కులు. అంతా కూడితే నల్లగండ్లకీ తెల్లాపూర్‌కీ అర మార్కు తేడా వచ్చింది. సంబంధాలు చూసేవాడు జాతకాలు కుదిరాక కూడా పిల్ల ముఖం చూడకుండా గుణాలు మళ్ళీ లెక్కేసినట్టు, ఆ అర మార్కు పట్టుకుని నెలల తరబడి నాకు ఫోన్లు.

ఒరేయ్, నల్లగండ్లకీ తెల్లాపూర్‌కీ మధ్య ఉన్నదెంత? మా వాకింగ్ బ్యాచిలో మోకాళ్ళ నొప్పులు లేనివాళ్ళు పొద్దున్నే అటు పోయి ఇటు వచ్చేస్తారు. కాకపోతే ఒక చమత్కారం ఉంది, అది మాత్రం వాడి షీటులో లేదు. నల్లగండ్ల రంగారెడ్డి జిల్లా, తెల్లాపూర్ సంగారెడ్డి జిల్లా. నల్లగండ్ల ఉన్న శేరిలింగంపల్లి 2007లోనే గ్రేటర్‌లో కలిసింది. తెల్లాపూర్ 2018 దాకా గ్రామ పంచాయతీ. కాబట్టి పాత అనుమతులు ఎవరిచ్చారు, రిజిస్ట్రేషన్ ఎక్కడ, మురుగు కాలవ ఎవరు వేశారు, అసలు వేశారా అన్నవి రెండుచోట్లా రెండు రకాలు. వీడు అడగాల్సింది అది. అడుగుతున్నది మాత్రం ఏ క్లబ్‌హౌసులో బ్యాడ్మింటన్ కోర్టులు ఎక్కువున్నాయని.

ఈ ప్రాంతాల సంగతి నన్నడగండి. సెంట్రల్ యూనివర్సిటీ 1974లో పెట్టారు. ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు, లింగంపల్లి నుంచి మెహదీపట్నం బస్సెక్కితే యూనివర్సిటీ గేటు దాటాక కిటికీలోంచి కనిపించేవి రెండే: బండరాళ్ళు, సీతాఫలం చెట్లు. గచ్చిబౌలి చౌరస్తాలో దిగేవాణ్ణి చూసి, వీడికిక్కడేం పని అనుకునేవాళ్ళం. నల్లగండ్లలో హుడా లేఔట్‌లో ప్లాటు కొన్న మా సెక్షన్ మిత్రుడొకణ్ణి, నక్కలకి అద్దెకిస్తావా అని వేళాకోళం చేసేవాళ్ళం. 1998 నవంబరులో వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2002లో జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. 2008లో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కి మారాయి, ఆ ఏడాదే ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ముక్క తెరిచారు. ఆ 158 కిలోమీటర్ల రోడ్డు పూర్తయ్యేలోగా బండలూ పోయాయి, సీతాఫలాలూ పోయాయి, నక్కలు ఎటు పోయాయో వాటికే తెలియాలి.

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. భాగించి చూస్తే గజం 2 లక్షల పైమాటే. ఆ రేటుకి భూమి కొన్నవాడు మనకి పెరడిస్తాడా? ఆకాశం ఇస్తాడు. స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలనే ఎఫ్ఎస్ఐ పరిమితి ఇన్నాళ్ళూ ఇక్కడ లేకపోవడం వల్ల నలభై, యాభై అంతస్తులు లేపుతున్నారు. మా రోజుల్లో ఇల్లంటే ముందు నేల, తర్వాతే గోడలు. వీళ్ళు చదరపు అడుగు రేటు పైసలతో సహా చెబుతారు, తమ వాటాకి వచ్చే భూమి ఎన్ని గజాలంటే నోరెళ్ళబెడతారు. అందులోనూ బ్రోచర్లో పెద్దక్షరాల్లో ఉండేది సూపర్ బిల్టప్. లిఫ్టు, మెట్లు, వరండా అన్నిట్లో నీ వాటా కలిపిన లెక్క అది. కాలు పెట్టి నడవగలిగేది కార్పెట్ ఏరియా. అది చెప్పి తీరాలని 2016లో రెరా చట్టం వచ్చింది. వచ్చినా ఏం లాభం, అడిగేవాడుంటే గదా!

స్కూళ్ళ సంగతి ఇంకో తమాషా. మావాడుండే టెక్సాస్‌లో ఇంటి అడ్రసును బట్టి సర్కారు బడి. ఈ వీధి ఒక స్కూలు డిస్ట్రిక్టు, ఆ వీధి ఇంకోటి. బడి మంచిదైతే ఇంటి రేటు ఎక్కువ. ఇంటి పన్నులో పెద్ద ముక్క ఆ బడికే. కాబట్టి అక్కడ ఫ్రిస్కో మంచిదా ప్లేనో మంచిదా అని తూకం వేసుకోవడంలో అర్థముంది. అదే తక్కెడ పట్టుకుని ఇక్కడికొస్తే ఎలా? ఇక్కడ నీ అడ్రసుకీ నీ పిల్ల వెళ్ళే ప్రైవేటు బడికీ కట్టుబాటేమీ లేదు. కోకాపేట పిల్ల మియాపూర్ వైపు బడికి పోతుంది, మియాపూర్ పిల్ల కోకాపేట వైపు పోతుంది. రెండు పచ్చబస్సులూ గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఎదురెదురుగా ఆగి ఉంటాయి. మా పిల్లలు టౌన్‌షిప్ బడికి నడిచి పోయారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని మళ్ళీ పోయారు. ఇప్పుడు ఏడున్నరకి బస్సెక్కిన పసివాడు ఆ అన్నం ఆ బస్సులోనే అరిగించుకోవాలి. బడి ఏదో ముందు తేల్చుకో, దానికి నడక దూరంలో ఇల్లు చూసుకో అంటే, అక్కడ స్విమ్మింగ్ పూల్ చిన్నది పెదనాన్నా అంటాడు.

ఇక ఆ నిమిషాలొకటి. ప్రతి బ్రోచర్లోనూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకి 15 నిమిషాలు. ఏ 15 నిమిషాలు? తెల్లారగట్ల నాలుగింటికా? సాయంత్రం ఆరున్నరకి విప్రో సర్కిల్ దగ్గర నిలబడి చూడమనండి. వాన పడితే ఇక చెప్పేదేముంది. మియాపూర్‌కి మెట్రో 2017లోనే వచ్చింది, రాయదుర్గం దాకా 2019లో వచ్చింది. కోకాపేటలో కోట్లు పోసి కొన్నవాడికి మెట్రో లేదు, వాడు బెంజి కారులో కూర్చుని హారన్ కొడుతుంటాడు. మియాపూర్‌లో పాత అపార్ట్‌మెంటువాడు కార్డు గీకి అమీర్‌పేట పోయి బీరకాయలు బేరమాడి వస్తాడు. మరి పదికి ఎవరికెన్ని మార్కులు వేయాలో వాడి షీటునే చెప్పమనండి.

అసలు సంగతి నీళ్ళు. మా టౌన్‌షిప్‌కి మంజీరా నీళ్ళొచ్చేవి. బయట అద్దెకున్న రోజుల్లో వీధి కుళాయి, బిందెల వరస, దాని దగ్గర తగవులు. ఇల్లు చూడ్డానికి పోతే మా ఆవిడ గదులు చూసేది కాదు. తిన్నగా పెరట్లోకి పోయి బోరు కొట్టి, దోసిట్లో నీళ్ళు పట్టి పుక్కిలించి ఉమ్మేది. పక్కింటావిణ్ణి పిలిచి, వేసవిలో ఎన్నాళ్ళు వస్తాయమ్మా అని అడిగేది. ఆ రెండు ముక్కల్లో ఇల్లు ఖాయమో కాదో తేలిపోయేది. నగరానికి 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్, ఆ తర్వాత మంజీరా, 2004లో కృష్ణ, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి. ఇన్ని నదుల్ని తెచ్చి కలిపినా, కొత్త టవర్ల ముందు ట్యాంకర్ల క్యూ తగ్గలేదు.

ఎందుకంటే మనది రాతి నేల. అడుగున నీళ్ళు చెరువులా నిలిచి ఉండవు, రాతి పగుళ్ళలో దాక్కుని ఉంటాయి. పగులు తగిలిన బోరు పోస్తుంది, పది గజాల అవతల వేసిన బోరు దుమ్ము కక్కుతుంది. అందుకే నల్లగండ్లలో నీళ్ళున్నాయా, నార్సింగిలో నీళ్ళున్నాయా అన్న ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా లేదు. ఈ గేటు లోపల ఉన్నాయా, పైపు వచ్చిందా, ఎంత వస్తోంది అన్నదే అడగాలి. ఏరియాకి మార్కులేసి లాభం లేదు.

మొన్న ఎండల్లో నన్నొక వెంచరుకి పంపాడు. ఫోన్లో వీడియో పెట్టి తిప్పమన్నాడు. టై కట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చి చల్లటి నిమ్మరసం ఇచ్చి, మోడల్ ఫ్లాటులోకి తీసుకుపోయాడు. లోపల సోఫా మీద దిండ్లు, గిన్నెలో మైనపు పళ్ళు. అవన్నీ చూపించి, నేను మెల్లిగా పక్క బ్లాకు వైపు నడిచాను, అందులో జనం దిగి ఏడాది దాటింది. సెల్లార్ ర్యాంపు దగ్గర ట్యాంకరు ఆగి ఉంది. లావుపాటి గొట్టం సంపులోకి వేలాడుతోంది. పైన చుట్టిన గోనెగుడ్డలోంచి నీళ్ళు కారి మెట్ల కింద మడుగు కట్టాయి. వాచ్‌మన్ పొడుగాటి పుస్తకంలో బండి నంబరు రాసుకుంటున్నాడు. రోజుకెన్ని వస్తాయి బాబూ అన్నాను. వాడు టై కుర్రాడి వైపు ఓసారి చూసి, ఎండాకాలం లెక్కుండదు సార్ అన్నాడు. ఆ పుస్తకం పేజీలు తిప్పి కెమెరాకి చూపించబోతే ఫోన్లోంచి మావాడు, "పెదనాన్నా, కెమెరా అటెందుకు, బాల్కనీలోంచి వ్యూ చూపించు" అని విసుక్కున్నాడు. వ్యూలో చెరువుంది. అది మాత్రం తెగ నచ్చింది.

ఆ చెరువే కదా నా భయం! మా రోజుల్లో చెరువు కింద పొలం కొనేవాళ్ళు, ఇల్లు కొనేవాళ్ళు కాదు. 2000 ఆగస్టులో ఒక్కరోజున 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు, మళ్ళీ 2020 అక్టోబరులో, నీళ్ళు తమ పాత దారి వెతుక్కుంటూ వచ్చి ఎవరెవరి హాల్లోనో కూర్చున్నాయి. నీటికి జ్ఞాపకశక్తి ఎక్కువ, రియల్ ఎస్టేటుకి తక్కువ. పెద్ద చెరువైతే నిండు మట్టం గీత నుంచి 30 మీటర్లు బఫర్ వదలాలి. ఆ గీతనే ఎఫ్‌టీఎల్ అంటారు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చి బుల్డోజర్లు దింపాక ఎఫ్‌టీఎల్ అన్న మాట టీకొట్టు దగ్గర కూడా వినపడుతోంది. ఫ్రిస్కోలో మాత్రం ఇంకా లేక్ వ్యూ అనే పిలుస్తున్నారు.

మా రోజులు స్వర్గమని నేననను. వానొస్తే చందానగర్‌లో మోకాలిలోతు బురద. అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే తెల్లారేదాకా ఓమ నీళ్ళే గతి. ఇప్పుడు పక్క వీధిలోనే ఆస్పత్రి, అది మంచిదే. ఎంచుకునే వీలు పిల్లలకి దొరకడమూ మంచిదే. నా గొణుగుడంతా దూరాన కూర్చుని ఎంచుకోవడం గురించే. పక్కపక్క ఏరియాల తేడా ఫోనుకి అందదు. అది మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పినప్పుడు, భాద్రపదం వానలో సెల్లార్లోకి దిగినప్పుడు, సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరినప్పుడు తెలుస్తుంది. అందుకని ఒకటే చెప్పాను. వచ్చెయ్, ఒక ఏడాది అద్దెకుండు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడు, బడి కుదుర్చుకో, అప్పుడు కొను.

"అప్పటికి రేటు పెరిగిపోతుంది పెదనాన్నా!"

పెరిగితే పెరగనీరా. రేటు చూసి పరిగెత్తేవాడు కొనేది ఇల్లు కాదు, షేరు. షేరు కొనేవాడికి నల్లగండ్లయితేనేం, నార్సింగయితేనేం? దానికోసం డెబ్బై దాటినవాడి చేతికి ఫోనిచ్చి ఎండలో తిప్పడం దేనికి?