ఉచిత ట్రయల్ వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

“7 రోజులు ఉచితం. ఆ తర్వాత నెలకు రూ.199. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కొనసాగించండి.”

అవతారిక

సెల్‌ఫోనులో కొత్త యాప్ తెరిచినప్పుడు తెర అడుగున కనిపించే వాక్యం ఇది. మొదటి మూడు మాటలు పెద్ద అక్షరాల్లోనూ, తక్కినవి చీమతలంత అక్షరాల్లోనూ ఉండటం దీని లక్షణం. కర్త ఎవరో తెలియదు. ఫొటోలకు మెరుగు పెట్టే యాప్, జాతకం చెప్పే యాప్, ఇంగ్లీషు నేర్పే యాప్, సినిమాలు చూపించే యాప్ అన్నింటిలోనూ దాదాపు ఒకే పాఠం ఉండటాన్ని బట్టి ఏకకర్తృకం కాదనీ, గురుపరంపరగా వస్తున్నదనీ ఊహించాలి. గద్యం కాబట్టి గణాలు లెక్కపెట్టే పని లేదు. అంకెలు మాత్రం లెక్కపెట్టి తీరాలి.

కొండవీటి సీమకు వ్యాఖ్యానాలు కొత్త కావు. కుమారగిరిరెడ్డి మంత్రి కాటయవేముడు కాళిదాసు నాటకాలు మూడింటికీ వ్యాఖ్య రాసి, దానికి రాజు పేరిట ‘కుమారగిరిరాజీయం’ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఏలిన పెదకోమటి వేమారెడ్డి అమరుశతకానికి ‘శృంగారదీపిక’ రాశాడు. చదివితే ఆనందం తప్ప నష్టం లేని గ్రంథాలకే టీకలు కావలసి వచ్చినప్పుడు, చదవకపోతే ఖాతాలో డబ్బు పోయే వాక్యానికి టీక అనవసరమనడం సబబు కాదు. పైగా పత్తి అమ్ముకోవడానికి కూడా కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) వారి ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాటు బుక్ చేసుకోవలసి వచ్చిన రోజులివి. చిలకలూరిపేట, నరసరావుపేట, అద్దంకి, దర్శి వైపు ఫోను ఇంటిల్లిపాదిదీ. యాప్ వేసేది పిల్లలు, పిన్ తెలిసింది పిల్లలకు, డబ్బు కట్ అయ్యేది నాన్న ఖాతాలో.

ప్రతిపదార్థం

7 రోజులు = యాప్ దించుకున్న రోజు నుంచి గాక, అనుమతి ఇచ్చిన గడియ నుంచి లెక్కింపదగిన ఏడు దినములు; ఉచితం = ప్రస్తుతమునకు సొమ్ము అడుగనిది (ఒకటి, రెండు రూపాయలు పరీక్షార్థము తీసికొనుట కలదు); ఆ తర్వాత = ఎనిమిదవ దినమున, మరల అడుగకయే; నెలకు = మిర్చి అమ్మిన మార్చికిని, అప్పు తెచ్చి మందు కొట్టిన సెప్టెంబరుకును భేదము లేక ప్రతి మాసమునకు; రూ.199 = నేటి ధర; ఎప్పుడైనా = గడువు లోపల అని గ్రహించునది, గడువు దాటిన పిమ్మట రద్దు చెల్లును గాని పోయిన సొమ్ము వచ్చునని కాదు; రద్దు చేసుకోవచ్చు = రద్దు చేయు శ్రమ వాడుకరిదే, విక్రేతది గాదు; కొనసాగించండి = ఓటీపీ గాని యూపీఐ పిన్ గాని కొట్టి, మీ ఖాతా నుండి మేము తీసికొనుటకు అంగీకరింపుడు.

అన్వయం

వాక్యంలో పదాల వరస ఒకటి, పని జరిగే వరస మరొకటి. ఉచితం ముందూ రుసుము తర్వాతా అన్నట్టు చదువుతాం. నిజానికి ముందు జరిగేది చిట్టచివర ఉన్న ‘కొనసాగించండి’. దాంతో బ్యాంకులో ఒక ఆదేశం నమోదవుతుంది. దీన్నే ఈ-మాండేటు అంటారు, యూపీఐలో ఆటోపే. ‘రూపాయే కదా’ అని పిన్ కొట్టే తెర మీదే మూడు సంగతులు రాసి ఉంటాయి: గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు, ఎన్నాళ్లకోసారి తీసుకోవచ్చు, ఏ తేదీ దాకా తీసుకోవచ్చు. కట్ అయ్యేది రూపాయే అయినా, ఒప్పుకున్నది ఆ గరిష్ఠ మొత్తానికి. మూలవాక్యంలో రూ.199 అని ఉండి మాండేటులో అంతకు చాలా రెట్లు ఉంటే పిన్ కొట్టకుండా వెనక్కి రావడమే పాండిత్యం.

ఈ ఆదేశాలకు శాస్త్రం రాసింది భారతీయ రిజర్వు బ్యాంకు. 2019 ఆగస్టు 21 నాటి సర్క్యులర్‌లో కార్డుల మీద మళ్లీమళ్లీ జరిగే చెల్లింపులకు నియమాలు పెట్టింది; అప్పటి పరిమితి రూ.2,000. 2020 జనవరిలో వాటిని యూపీఐకీ వర్తింపజేసింది. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ యూపీఐ ఆటోపేను తెచ్చింది ఆ జూలైలో. 2021 జనవరి నుంచి పరిమితి రూ.5,000 అయింది, 2022 జూన్‌లో రూ.15,000కు పెరిగింది. ఆ మొత్తం దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. లోపలైతే మొదటిసారి మాత్రమే. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్లు, క్రెడిట్ కార్డు బిల్లులకు 2023 డిసెంబరులో లక్ష రూపాయల దాకా సడలింపు ఇచ్చారు. జాతకాల యాప్ ఆ కోవలోకి రాదు.

నియమాల్లో ప్రాణం వంటిది ముందస్తు సమాచారం. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు ఎస్ఎంఎస్ గాని ఈమెయిల్ గాని పంపాలి. విక్రేత పేరు, మొత్తం, తేదీ, రిఫరెన్స్ నంబరు, ఎందుకు తీసుకుంటున్నదీ అందులో ఉండాలి. ఆ ఒక్క చెల్లింపునే ఆపుకోవడానికీ, మాండేటు మొత్తాన్నే రద్దు చేసుకోవడానికీ దారి చూపాలి. అలా ఆపడానికి మళ్లీ ఓటీపీ వంటి ధ్రువీకరణ అవసరం. ఈ సౌకర్యానికి కార్డుదారు దగ్గర రుసుము తీసుకోకూడదు. ఈ నియమాలు 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలయ్యాయి. అప్పుడు సిద్ధంగా లేని విదేశీ సంస్థల చందాలు ఎన్నో దేశమంతటా ఒక్కసారిగా ఆగిపోయాయి. వాటిలో కొన్ని, వాడకందారే మరిచిపోయినవి.

ఆ 24 గంటల ఎస్ఎంఎస్ తరచూ ఇంగ్లీషులో వస్తుంది. లోను ఇస్తామనే ఎస్ఎంఎస్‌కూ, రీఛార్జి గడువు ఎస్ఎంఎస్‌కూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. రక్షణ ఉంది గాని, దాన్ని చదివేవాడి మీద ఆధారపడి ఉంది.

పూర్వపక్షం, సిద్ధాంతం

“యాప్ తీసేశాం, ఇంకేముంది?” అన్నది అందరి నోటా వినిపించే వాదం. ఇది నిలవదు. యాప్ ఉండేది ఫోనులో, మాండేటు ఉండేది బ్యాంకులో. యాప్ తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదని గూగుల్ ప్లే తన సహాయ పేజీలోనే చెబుతుంది. యాప్ పోయాక డబ్బు కట్ అవుతుంటే అది ఎవరికి పోతున్నదో పోల్చుకోవడం కూడా కష్టమవుతుంది. ఎస్ఎంఎస్‌లో కనిపించేది యాప్ పేరు గాక, దాన్ని నడిపే కంపెనీ పేరు కావచ్చు.

“కార్డే బ్లాక్ చేయిస్తాం” అనేది రెండో వాదం. దాంతో ఆగవచ్చు. ఆ కార్డు మీదే నడుస్తున్న బీమా ప్రీమియం కూడా ఆగవచ్చు. విక్రేత లెక్కలో మాత్రం చందా అలాగే ఉంటుంది.

మూడోది, “ఖాతాలో డబ్బులు ఉంచకపోతే సరి”. పంట లేని నెలల్లో ఈ వాదం చెల్లినట్టే కనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరపకాయలు అమ్ముడై డబ్బు ఖాతాలో పడితే, అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన మాండేటు లేచి కూర్చుంటుంది. గుంటూరు మిర్చి యార్డుకు ఏటా వేసవి సెలవులు ఇస్తారు; మాండేటుకు సెలవులు లేవు.

సిద్ధాంతం ఏమిటంటే, ముళ్లు రెండు. ఒకటి విక్రేతతో పడ్డది, చందా. రెండోది బ్యాంకుతో పడ్డది, మాండేటు. మొదట విక్రేత ముడి, ఆ తర్వాత బ్యాంకు ముడి విప్పాలి. బ్యాంకు ముడి ఒక్కటే విప్పితే డబ్బు ఆగుతుంది గాని ‘మీ చెల్లింపు విఫలమైంది’ అని యాప్ వెంటపడుతుంది. విక్రేత ముడి ఒక్కటే విప్పి ఊరుకుంటే, అతని మాట మీద నమ్మకం ఉంచినట్టు.

తాత్పర్యం

ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడి మూలన ఉన్న బొమ్మ నొక్కి, పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్ల విభాగంలోకి వెళ్తే నడుస్తున్న చందాలన్నీ కనిపిస్తాయి. అక్కర్లేనిదాన్ని ఎంచుకుని క్యాన్సిల్ నొక్కాలి. ఏ జీమెయిల్‌తో చందా తీసుకున్నారో దానితోనే చూడాలి. ఇంట్లో నాలుగు ఖాతాలున్న ఫోనులో ‘చందా ఏదీ లేదు’ అని కనిపించడానికి సాధారణ కారణం ఇదే. ఐఫోనులో సెట్టింగ్స్ తెరిచి, పైనున్న పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్లు ఉంటాయి. అక్కడ ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేసుకోవాలి. ఏడో రోజు రాత్రి గుర్తొస్తే ఆలస్యమే. యాప్ స్టోర్లతో పని లేకుండా నేరుగా విక్రేత వెబ్‌సైటులో తీసుకున్న చందా ఈ రెండు చోట్లా కనిపించదు. విక్రేత ఖాతాలోకి వెళ్లి వెతకాల్సిందే.

రెండో ముడికి, యూపీఐ అయితే పిన్ కొట్టిన యాప్‌లోనే ఆటోపే విభాగం ఉంటుంది. నడుస్తున్న మాండేట్లు, ముగిసినవి అందులో విడివిడిగా ఉంటాయి. ఆపవచ్చు, రద్దు చేయవచ్చు. కార్డు అయితే బ్యాంకు యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు, ఈ-మాండేట్లు అనే పేర్లతో ఉంటుంది. ముందస్తు ఎస్ఎంఎస్‌లో లింకు వస్తే అది బ్యాంకుదేనని నిర్ధారించుకున్నాకే నొక్కాలి. రద్దయినట్టు వచ్చే సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవడం మంచిది. తర్వాత వాదించవలసి వస్తే ఉపయోగపడే ప్రమాణం అదొక్కటే.

ఉత్తమ పక్షం ఇంకా సులువు: ట్రయల్ మొదలుపెట్టిన నిమిషంలోనే రద్దు చేయడం. గూగుల్ ప్లేలో సాధారణంగా గడువు తీరేదాకా యాప్ పనిచేస్తూనే ఉంటుంది.

రద్దు మార్గం దొరక్క గూగుల్‌లో ‘కస్టమర్ కేర్ నంబరు’ వెతకడం అన్నిటికన్నా ప్రమాదం. అక్కడ దొంగ నంబర్లు పెట్టి కూర్చున్నవాళ్లు రీఫండ్ ఇస్తామంటారు, ఫోను తెరను చూసే యాప్ వేయిస్తారు, పిన్ కొట్టమంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. అలా మోసపోతే వెంటనే ఫోను చేయవలసిన నంబరు 1930.

విశేషాలు

గుంటూరు యార్డులో వ్యాపారి మిర్చి టిక్కీ (బస్తా)లోంచి మచ్చు తీసి రంగు, తేమ, తాలు చూసి ధర చెబుతాడు. ధర గిట్టకపోతే రైతు ఇవ్వడు, సరుకు నచ్చకపోతే వ్యాపారి కొనడు. మచ్చు చూసిన పాపానికి ఎవరూ ఎవరికీ బాకీ పడరు. ట్రయల్ కూడా మచ్చే గాని, ఇక్కడ ‘వద్దు’ అని నోటితో చెప్పకపోతే కొన్నట్టే. మౌనం అంగీకారమనే న్యాయం పెళ్లిళ్లలో చెల్లుతుందేమో, బేరాల్లో చెల్లకూడదు.

రద్దు దారిని పొడుగు చేయడమన్నది ఎక్కడో చిన్న కంపెనీల పని అనుకోనక్కర్లేదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో అమెజాన్ మీద దావా వేసింది. ప్రైమ్ చందా రద్దుకు నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఎంపికలు దాటాలని, ఆ పద్ధతికి సంస్థ లోపల వాడిన పేరు ‘ఇలియడ్’ అని అందులో ఆరోపించింది. పదేళ్ల ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన మహాకావ్యం పేరది. పెట్టినవాడికి కావ్యపరిచయం ఉందని ఒప్పుకోవాలి. 2025 సెప్టెంబరులో వ్యవహారం 250 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది: 100 కోట్లు జరిమానా, 150 కోట్లు చందాదారులకు వాపసు. తప్పు మాత్రం సంస్థ ఒప్పుకోలేదు. రద్దు చేయడం చేరడమంత సులువుగా ఉండాలని 2024 అక్టోబరులో ఆ కమిషనే చేసిన నియమాన్ని, ప్రక్రియ సరిగా పాటించలేదంటూ అక్కడి అప్పీలు కోర్టు 2025 జూలైలో కొట్టేసింది. అమెరికాలో ఉన్న గుంటూరు, ఒంగోలు పిల్లలు అక్కడి కార్డు మీద తీసుకున్న చందాలకు రిజర్వు బ్యాంకు 24 గంటల నియమం వర్తించదు.

దోషవిచారం

మూలవాక్యంలోని అసలు దోషం వ్యాకరణంలో లేదు, ‘కొనసాగించండి’ నొక్కాక కార్డు అడగడంలో ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల నివారణకు మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో పేర్కొన్న 13 మాయల్లో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ ఒకటి. రద్దును అసాధ్యంగానో చిక్కుగానో చేయడం, రద్దు మీటను దాచడం, సూచనలు అయోమయంగా రాయడం దాని లక్షణాలుగా చెప్పింది. ఉచిత చందా కోసం చెల్లింపు వివరాలు గాని ఆటో డెబిట్ అనుమతి గాని బలవంతంగా తీసుకోవడాన్నీ వాటితోనే చేర్చింది. అంటే పైన ప్రతిపదార్థం రాసిన వాక్యం చాలా యాప్‌లలో ఈ దోషంతోనే నడుస్తోంది. మార్గదర్శకాలు ఉన్నాయి, వాక్యమూ ఉంది. రెంటికీ సమన్వయం ఇంకా కుదరలేదు.

ఫలశ్రుతి

డబ్బు కట్ అయిపోతే ముందు విక్రేతనే వాపసు అడగాలి. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల్లోపు అడిగితే అవకాశం ఎక్కువ. ఓటీపీ, పిన్ లేకుండా దొంగతనంగా పోయిన డబ్బుకు రిజర్వు బ్యాంకు నియమాలు రక్షణ ఇస్తాయి గాని, పిన్ కొట్టి ఒప్పుకున్న చందా సాధారణంగా వాటి కిందికి రాదు. విక్రేత మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ముందస్తు సమాచారం పంపకుండానో, మాండేటు రద్దయ్యాకనో బ్యాంకు డబ్బు ఇచ్చేస్తే తప్పు బ్యాంకుది. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు నంబరు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆ ఫిర్యాదుకు రుసుము లేదు. ఫోనులో అడిగి తెలుసుకోవాలంటే 14448. తెలుగులోనూ జవాబు చెబుతారు.